ట్యాంకులో పోసే సీసా ఏ లోపానికి?

మైలేజీ పెంచుతానని చెప్పే డీజిల్ అడిటివ్ (డీజిల్‌లో కలిపే మందు) సీసాను నేను కొనను. అలాగని అడిటివ్‌లన్నీ రంగునీళ్లే, అమ్మేవాళ్లంతా దొంగలే అనేవాళ్లతోనూ నాకు పడదు. లారీల మెయింటెనెన్స్ చూసే పనిలో ఉన్నవాణ్ని కాబట్టి ఈ రెండు పక్షాల వాదనా కావలసినంత విన్నాను. ఒకాయనకి ఫుల్ ట్యాంకు కొట్టించినప్పుడల్లా ఒక సీసా ఒంపకపోతే నిద్రపట్టదు. ఇంకొకాయన ఇంజెక్టర్లు (డీజిల్‌ని సిలిండర్‌లోకి చిమ్మేవి) మొరాయించి బండి పికప్ చచ్చిపోయినా సరే, ‘డీజిల్‌లో డీజిల్ తప్ప ఇంకేమీ పోయకూడదు’ అని భీష్మించుకుని కూర్చుంటాడు. చూడటానికి ఉత్తర దక్షిణాల్లా ఉన్నా ఇద్దరూ అనుకునేది ఒకటే: అడిటివ్ అంటే ఏదో ఒకే వస్తువని.

నిజానికి ఇంజెక్టర్ కొనన ఉండే నాజిల్ మీద పేరుకున్న పొరను కడిగేది ఒకటి, పంపు లోహాన్ని అరుగుదల నుంచి కాపాడేది ఒకటి, చలికి డీజిల్‌లోని మైనం ఫిల్టర్‌ని మూసేయకుండా చూసేది ఒకటి, నిల్వ ట్యాంకులో పెరిగే ఫంగస్‌ని చంపేది మరొకటి. వీటి రసాయనాలు వేరు, మోతాదులు వేరు, పనిచేసే చోటూ వేరు. అందుకే ‘అడిటివ్ పోస్తే మంచిదేనా?’ అని ఎవరైనా అడిగితే నేను ‘ఏ లోపానికి?’ అని ఎదురు ప్రశ్న వేస్తాను. లోపం పేరు చెప్పలేనప్పుడు సీసా మూత తీయనక్కర్లేదన్నది నా వాదన.

ముందు ‘డీజిల్‌లో డీజిల్ తప్ప’ అనే పెద్దమనిషి సంగతి చూద్దాం. ఆయన కోరుకునే అడిటివ్ లేని డీజిల్ ఈ రోజుల్లో బంకుల్లో దొరకడం కష్టం. రిఫైనరీలోనో, డిపోలోనో అందులో కలపాల్సినవి కలిపే పంపిస్తారు. దానికి కారణం గంధకం. పొగలో విషాన్ని తగ్గించాలన్నా, సైలెన్సర్ దారిలో పెట్టే కేటలిస్టులూ ఫిల్టర్లూ బతకాలన్నా డీజిల్‌లో గంధకం ఉండకూడదు. అందుకే అమెరికా 2006 నుంచి రోడ్డు మీద తిరిగే బండ్ల డీజిల్‌లో గంధకాన్ని 15 పీపీఎంకి (పది లక్షల్లో 15 భాగాలకి) దించింది. యూరప్ 2009 నుంచి 10 పీపీఎం అంది. భారత్ 2020 ఏప్రిల్ నుంచి అదే 10 పీపీఎంకి వచ్చింది.

గంధకాన్ని తీయడానికి రిఫైనరీలో డీజిల్‌ని హైడ్రోజన్‌తో, ఎక్కువ ఒత్తిడిలో, కేటలిస్టు మీదుగా పంపిస్తారు. ఆ ప్రక్రియలో గంధకంతోపాటు ఆక్సిజన్, నైట్రోజన్ ఉన్న కొన్ని పదార్థాలు కూడా పోతాయి. లోహానికి అంటుకుని జారుడు గుణం ఇచ్చేవి అవే. ‘గంధకం తీసేశారు, అందుకే పంపులు అరుగుతున్నాయి’ అని మెకానిక్కులు అంటుంటారు. పంపులు అరిగిన మాట నిజమే, నేరం మాత్రం గంధకం లేకపోవడానిది కాదు. దానితోపాటు కొట్టుకుపోయిన ఆ కాస్త జిడ్డు పదార్థానిది.

దీని దెబ్బ మొదట తగిలింది స్వీడన్‌కి. 1991లో ఆ దేశం అతి తక్కువ గంధకం ఉన్న డీజిల్‌కి పన్ను రాయితీ ఇచ్చి వాడకం పెంచింది. కొద్దికాలానికే ఇంధన పంపులు అరిగిపోవడం మొదలైంది. ముఖ్యంగా రోటరీ పంపులు. వాటి లోపల తిరిగే భాగాలకి వేరే ఆయిల్ ఉండదు, డీజిలే ఆయిల్. పాత ఇన్‌లైన్ పంపుల్లో క్యామ్‌షాఫ్ట్‌కి ఇంజన్ ఆయిల్ అందుతుంది కాబట్టి అవి కాస్త తట్టుకుంటాయి. తర్వాత ఫ్యాటీ యాసిడ్, ఎస్టర్ రకం లూబ్రిసిటీ (జారుడు పెంచే) అడిటివ్‌లు కలపడంతో గొడవ సద్దుమణిగింది. ఆ అనుభవం నుంచే ఇంధన ప్రమాణాల్లోకి ఒక పరీక్ష వచ్చి చేరింది.

ఆ పరీక్ష నాకు ముచ్చటగా అనిపిస్తుంది. ఆరు మిల్లీమీటర్ల ఉక్కు గుండును ఒక ఉక్కు బిళ్ల మీద పెట్టి, పైన 200 గ్రాముల బరువు వేస్తారు. రెండు మిల్లీలీటర్ల డీజిల్ పోసి, 60 డిగ్రీల వేడి మీద, ఒక్క మిల్లీమీటరు మేర సెకనుకి 50 సార్లు ఆ గుండును ముందుకీ వెనక్కీ ఆడిస్తారు. 75 నిమిషాలయ్యాక గుండు తీసి మైక్రోస్కోపు కింద అరిగిన మచ్చ ఎంతుందో కొలుస్తారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 590 ప్రకారం అది 460 మైక్రాన్లు మించకూడదు. అమెరికా ప్రమాణంలో 520 దాకా ఒప్పుకుంటారు. మచ్చను ఈ హద్దులోకి తేవడానికి కావలసింది లీటరుకి ఓ పది ఇరవై శాతం మందేమీ కాదు. పది లక్షల్లో ఓ వంద, రెండు వందల భాగాలు చాలు.

ఇంత చిటికెడు మందు అంత పని ఎలా చేస్తుందన్నది ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం. నా వాదనంతా దీని మీదే నిలబడి ఉంది. లూబ్రిసిటీ మందు డీజిల్‌ని మార్చదు. లోహపు పైపొర మీద ఒక పలచని తెరలా అంటుకుంటుంది, అంతే. తెరకి ఎంత పదార్థం కావాలి? చాలా కొద్దిగా. డిటర్జెంటూ అంతే, అది నాజిల్ లోహం మీద, పేరుకున్న పొర మీద పనిచేస్తుంది. చలికాలపు మందు మైనం స్ఫటికాల అంచులకి అతుక్కుని వాటిని పెద్దవి కానివ్వదు. నీళ్లను విడదీసే మందు నీటి బొట్టుకీ డీజిల్‌కీ మధ్య ఉన్న పొర మీద కూర్చుంటుంది. పనంతా ఏదో ఒక ఉపరితలం మీదే. ఉపరితలం తక్కువ కాబట్టి మందూ తక్కువ సరిపోతుంది. లీటరు డీజిల్‌లో ఉన్న శక్తి అలా కాదు. అది సుమారు 36 మెగాజౌళ్లు, ఆ లీటరులోని ప్రతి అణువులోనూ పంచి ఉంది. వెయ్యిలో ఒక వంతు కలిపిన పదార్థం ఆ మొత్తాన్ని పది శాతం ఎక్కువ చేయాలంటే, ఆ ఒక్క వంతులో డీజిల్ కంటే వంద రెట్లు శక్తి దాగుండాలి. అలాంటి ద్రవమే ఉంటే దాన్ని డీజిల్‌లో కలపడం దేనికి, దాన్నే ట్యాంకు నింపుకోవచ్చు కదా!

అమ్మేవాళ్లు ఇక్కడ తెలివిగా మాట మారుస్తారు. ‘శక్తి పెంచం సార్, వృథాగా పోయే డీజిల్‌ని పూర్తిగా మండిస్తాం’ అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. పొగగొట్టంలోంచి నల్లటి పొగ రావడం అందరూ చూసినదే, అదంతా మండని డీజిలే అనిపిస్తుంది. కానీ మంచి కండిషన్‌లో ఉన్న డీజిల్ ఇంజన్‌లో వేసిన ఇంధనంలో 98 శాతానికి పైగా మండిపోతుంది. మిగిలేది ఒకటి రెండు శాతం లోపే. కొత్త ఇంజన్లలో అది కూడా ఉండదు. మసి చాలా సన్నటి నుసి కాబట్టి కంటికి భయంకరంగా కనిపిస్తుంది గానీ, తూచి చూస్తే మండిన ఇంధనం పక్కన అది లెక్కలోకి రాదు. మరి ఇంజన్ సామర్థ్యం 40-45 శాతమే అంటారు కదా, మిగతాది ఎక్కడికి పోతోంది? మండిన తర్వాత వేడి రూపంలో పొగలోకీ, రేడియేటర్‌లోకీ పోతోంది. ఆ నష్టం థర్మోడైనమిక్స్‌ది. దాన్ని ఆపే మందు సీసాలో పట్టదు. రెండు శాతం కూడా మిగలని చోట పదిహేను శాతం మిగులుస్తానంటే నమ్మేదెలా?

అయినా ‘పోసి చూశాను, మైలేజీ పెరిగింది’ అనేవాళ్లు అబద్ధాలకోరులేం కాదు. నిజంగానే వాళ్ల పుస్తకంలో అంకె పెరిగి ఉంటుంది. అది ఎందుకు పెరిగిందన్నదే నా పేచీ. డీజిల్ ఉష్ణోగ్రత 20 డిగ్రీలు మారితే దాని ఘనపరిమాణం ఒకటిన్నర శాతానికి పైనే మారుతుంది. అంటే 400 లీటర్ల ట్యాంకులో ఆరేడు లీటర్ల తేడా ఒక్క ఎండవల్లే రావచ్చు. చల్లటి డీజిలుకీ వేడెక్కిన డీజిలుకీ లీటరు ఒకటే గానీ లోపలి బరువు ఒకటి కాదు. ఆపైన గన్ ఎక్కడ కట్టయింది, బండి నిలబడ్డ నేల ఎటు వాలింది అన్నవి. ఇవన్నీ పోను లోడు, ఎదురుగాలి, టైర్లలో గాలి, ట్రాఫిక్. అన్నిటికంటే పెద్దది డ్రైవర్ కాలు. వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన పవర్ వేగం ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. అంటే వేగం పది శాతం పెరిగితే ఆ పవర్ మూడో వంతు పెరుగుతుంది. ట్యాంకులో కొత్త మందు పోశారని తెలిసిన డ్రైవర్ కాలు తెలియకుండానే తేలికవుతుంది. ఎవరో గమనిస్తున్నారన్న స్పృహ చేసే పని అది. మందు పోయకపోయినా పోశామని చెబితే చాలు.

ఇంకో చిన్న మాయ కూడా ఉంది. సీసా ఎప్పుడు కొంటాం? మైలేజీ బాగా పడిపోయిన నెలలో. బాగా పడిపోయిన నెల తర్వాత వచ్చే నెల, ఏమీ చేయకపోయినా, మామూలుగా కాస్త మెరుగ్గానే ఉంటుంది. పైగా ఆ ఊపులో ఎయిర్ ఫిల్టర్ మారుస్తాం, టైర్లలో గాలి చూసుకుంటాం. పేరు మాత్రం సీసాకి దక్కుతుంది.

ఈ గందరగోళమంతా తెలిసే అమెరికాలో ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ, జే1321 అని ఒక పరీక్షా పద్ధతి రాసిపెట్టింది. 1980ల నుంచి ఉంది, 2012లో దాన్ని సవరించి మరింత బిగించారు. ఒకే రకం బండ్లు రెండు తీసుకుంటారు. ఒకదాన్ని మొదటి నుంచి చివరి వరకూ ముట్టుకోరు. రెండోదాని మీద ప్రయోగం. రెండూ ఒకే దారిలో, ఒకే పూట, ఒకే లోడుతో నడుస్తాయి. డీజిల్‌ని లీటర్లలో కొలవరు, విడిగా బిగించిన ట్యాంకుని విప్పి తూకం వేస్తారు. ముందు మందు లేకుండా, తర్వాత మందుతో నడిపి, రెండు బండ్ల ఖర్చుల నిష్పత్తి ఎంత మారిందో చూస్తారు. ఇంత జాగ్రత్తగా చేసినా ఒక శాతం అటూ ఇటూ తేడాను గట్టిగా పట్టుకోవడం కష్టమే. మరి డ్రైవర్ జేబులోని చిన్న పుస్తకంలో రెండు ట్యాంకుల లెక్క చూసి ‘నాలుగు శాతం పెరిగింది’ అనడానికి ధైర్యం కావాలి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇంధనం ఆదా చేస్తామన్న పరికరాలూ మందులూ కలిపి వందకు పైగా పరిశీలించింది. ఎక్కువ భాగం పెట్రోల్ కార్లకి సంబంధించినవే అనుకోండి. మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచినది వాటిలో తేలలేదు. ‘ఈపీఏ రిజిస్టర్డ్’ అని సీసా మీద రాసుంటే దాన్ని మెచ్చుకోలుగా తీసుకోకూడదు. రోడ్డు మీద వాడే ఇంధనంలో కలిపేది ఏదైనా అక్కడ చట్టప్రకారం నమోదు చేయించాల్సిందే. అది పనిచేస్తుందని ఆ సంస్థ పూచీ పడినట్టు కాదు.

మైలేజీ పడిపోయిందని మా దగ్గరికి ఒక లారీ వచ్చింది. ఓనరు అప్పటికే కొన్నాళ్లుగా మైలేజీ మందు పోస్తున్నాడు, పోయడం మానేస్తే ఇంకా పడిపోతుందేమోనని టెన్షన్. బానెట్ కింద లైటు వేసి చూస్తే టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి ఇంజన్‌కి వెళ్లే రబ్బరు హోస్ మీద, క్లాంపు పక్కన, వేలెడు మేర నూనె కలిసిన నల్లటి మరక. చేత్తో వంచితే లోపల చీలిక నోరు తెరిచింది. టర్బో నొక్కి పంపిన గాలి సగం దారిలోనే బయటికి పోతోంది. గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ, అందుకే పొగ, అందుకే పికప్ లేదు. హోస్ మార్చాక బండి దారిలో పడింది. సీసా ఆ ఇంజన్‌కి చెడు చేసిందని నేననను. ఏదో చేస్తున్నామన్న తృప్తినిచ్చి, బానెట్ ఎత్తకుండా ఆపింది. ఇలాంటి సీసాలతో అసలు నష్టం నాకు అక్కడే కనిపిస్తుంది.

సీటేన్ పెంచే మందుల గురించి ఎక్కువ చెప్పను. సీటేన్ అంటే డీజిల్ సిలిండర్‌లో పడ్డాక ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే అంకె. యూరప్‌లో కనీసం 51 ఉండాలి, అమెరికాలో 40 చాలు. 2-ఇథైల్‌హెక్సైల్ నైట్రేట్ అనే పదార్థం కొద్దిగా కలిపితే ఈ అంకె కొన్ని పాయింట్లు పెరుగుతుంది. వేడికి అది తొందరగా విరిగి మంటకి నాంది పలుకుతుంది. ఇది నిజమైన రసాయనమే. నాసిరకం డీజిల్ వాడుతున్న చోట, చల్లటి ఉదయాల్లో స్టార్టింగ్ కష్టమవుతున్నప్పుడు, స్టార్టయ్యాక తెల్లపొగ, టకటక చప్పుడు ఎక్కువున్నప్పుడు ఉపయోగపడుతుంది. ఇప్పటికే 51 ఉన్న డీజిల్‌లో పోస్తే పెద్దగా ఒరిగేదేం లేదు. మొదటి డోసుకి పెరిగినంత రెండో డోసుకి పెరగదు. సీటేన్ పెరిగితే పవర్ పెరుగుతుందనుకోవడం పెట్రోల్ ఆక్టేన్ గురించి ఉన్న అపోహకి తోబుట్టువు.

ఇక డిటర్జెంట్ల దగ్గరికొస్తే నేను అవతలి పక్షానికి జరుగుతాను. ఇంజెక్టర్ల సంగతి తెలిసినవాళ్లెవరూ వీటిని కొట్టిపారేయలేరు. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైల్ ఇంజన్లలో డీజిల్ ఒత్తిడి 2000 బార్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు రెండు వేల రెట్లు) దాటుతుంది. నాజిల్ రంధ్రం వ్యాసం మిల్లీమీటరులో అయిదో వంతు అటూ ఇటూ. లోపల సూదికీ దాని గోడకీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. మన వెంట్రుక అంతకు ఇరవై రెట్లు పైనే మందం ఉంటుంది. ఇలాంటి చోట పలచటి పొర పేరుకున్నా స్ప్రే ఆకారం చెడుతుంది, పవర్ తగ్గుతుంది. యూరప్‌లో దీన్ని కొలవడానికి ఒక పరీక్ష ఉంది. డీడబ్ల్యూ10 అనే ఇంజన్‌ని, డీజిల్‌లో కావాలనే ఒక్క పీపీఎం జింకు కలిపి, గంటల తరబడి నడిపిస్తారు. ఆ ఒక్క పీపీఎం జింకుకే నాజిల్ మూసుకుపోతూ పవర్ దిగిపోవడం కనిపిస్తుంది. మంచి డిటర్జెంట్ కలిపితే దిగదు. దిగిన తర్వాత ఎక్కువ మోతాదులో కలిపితే పోయిన పవర్ తిరిగొస్తుంది.

‘తిరిగొస్తుంది’ అన్న మాట గట్టిగా పట్టుకోండి. మురికి పట్టకముందు ఎంత ఉండేదో అక్కడికే వస్తుంది, దాటి పోదు. సూది అరిగిపోతేనో, సీటు దెబ్బతింటేనో, ఇంజెక్టర్‌ని తెరిచే విద్యుత్ చుట్ట సొలినాయిడ్ పోతేనో ఏ డిటర్జెంటూ దాన్ని బాగు చేయలేదు. అందుకే మా దగ్గర క్లీనింగ్ డోసు పోసే ముందు స్కానర్ పెట్టి ఏ సిలిండర్‌కి ఎంత కరెక్షన్ (కంప్యూటర్ చేసే డీజిల్ సర్దుబాటు) వెళ్తోందో చూస్తాం, రిటర్న్ లీకు (ఇంజెక్టర్ నుంచి ట్యాంకుకి తిరిగి కారే డీజిల్) కొలుస్తాం. ఒక ఇంజెక్టర్ రిటర్న్ గొట్టంలో మిగతావాటికంటే రెండింతలు నిండితే అది మురికి గొడవ కాదు. దాన్ని విప్పి బెంచి మీద చూడాల్సిందే.

ఇంజెక్టర్ లోపల పేరుకునే ఇంకో రకం పొర ఉంది, అది మరీ చిత్రం. సోడియం సబ్బులు. నిల్వ ట్యాంకు అడుగున ఉన్న నీళ్ల నుంచో, పైపులకి తుప్పు పట్టకుండా వాడే రసాయనాల నుంచో సోడియం డీజిల్‌లోకి వస్తుంది. కొన్ని రకాల యాసిడ్ అడిటివ్‌లతో అది కలిసి అక్షరాలా సబ్బుగా మారి సూదికి అంటుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ ఊగిపోతూ స్టార్టవుతుంది, కొన్నిసార్లు అసలు స్టార్టవదు. అంటే కాపాడటానికి వేసిన మందే, వేరే మలినంతో కలిస్తే జబ్బయి కూర్చుంటుంది. ఉన్న అడిటివ్‌ల మీద ఇంకో కంపెనీ సీసా, దాని మీద స్నేహితుడు చెప్పిన మరో సీసా కలిపేవాళ్లకి ఈ కథ రెండుసార్లు చెబుతాను. లేబుల్ మీద ఉన్న మోతాదుకి రెట్టింపు పోసి ‘గట్టిగా పనిచేయనీ’ అనేవాళ్లకి మూడుసార్లు.

ఆ జింకు సంగతి గుర్తుంచుకుంటే సొంత వైద్యాల గురించి తీర్పు చెప్పడం సులువు. డ్రెయిన్ చేసిన ఇంజన్ ఆయిల్‌ని వడగట్టి డీజిల్‌లో కలిపేవాళ్లున్నారు. ఇంజన్ ఆయిల్‌లో అరుగుదల తగ్గించడానికి వేసే అడిటివ్‌లోనే జింకు ఉంటుంది, ఫాస్ఫరస్ ఉంటుంది, శుభ్రం చేసే అడిటివ్‌లో కాల్షియం కూడా ఉంటుంది. ప్రయోగశాలలో నాజిల్‌ని చెడగొట్టడానికి చిటికెడు కలిపేదాన్ని వీళ్లు మగ్గులతో పోస్తున్నారన్నమాట. పైగా పొగలోని మసిని పట్టే పార్టికల్ ఫిల్టర్ (డీపీఎఫ్) ఉన్న బండిలో ఈ లోహాలన్నీ బూడిదై అందులో చేరతాయి. ఫిల్టర్‌లో పట్టిన మసిని వేడి పెంచి (రీజెనరేషన్ అంటారు) కాల్చేయొచ్చు, బూడిద కాలదు. ఫిల్టర్‌ని విప్పి శుభ్రం చేయించేదాకా అక్కడే ఉంటుంది. జింకు పూత పూసిన డ్రమ్ముల్లో డీజిల్ నిల్వ చేయడం కూడా ఇలాంటి తప్పే. పెట్రోల్ కలపడం వీటన్నిటికంటే ప్రమాదం. డీజిల్ ఆవిరికి నిప్పంటుకునే ఉష్ణోగ్రత యూరప్ ప్రమాణం ప్రకారం 55 డిగ్రీల పైన ఉండాలి. కొద్ది శాతం పెట్రోల్ కలిసినా ఆ అంకె పాతాళానికి పడిపోతుంది. సీటేనూ తగ్గుతుంది, పంపుకి జారుడూ తగ్గుతుంది. కిరోసిన్‌తో మంట ప్రమాదం అంత లేకపోయినా, అది డీజిల్‌ని పలచన చేసి పంపుని ఎండగడుతుంది.

లోహం ఉన్న అడిటివ్‌లన్నీ చెడ్డవే అనడానికీ లేదు. 2000లో ప్యుజో 607 కారుతో పార్టికల్ ఫిల్టర్ వచ్చినప్పుడు, మసి తక్కువ వేడికే కాలడానికి సీరియం ఉన్న ద్రవాన్ని ప్రత్యేకమైన చిన్న ట్యాంకులో పెట్టి కొద్దికొద్దిగా డీజిల్‌లోకి పంపారు. దానివల్ల బూడిద వస్తుందని తెలిసే, ఫిల్టర్‌ని ఎప్పుడు విప్పాలో లెక్కగట్టి డిజైన్ చేశారు. ఆ లెక్క లేని లారీలో ‘డీపీఎఫ్ క్లీనర్’ అని రాసున్న సీసా ఒంపే ముందు అందులో లోహం ఉందో లేదో అడగాలి. (పొగను శుభ్రం చేయడానికి విడిగా వాడే యూరియా ద్రావణాన్ని కూడా అడిటివ్ అని పిలిచి డీజిల్ ట్యాంకులో పోసేవాళ్లు అక్కడక్కడా తగులుతుంటారు. 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్లు. దాని ట్యాంకు వేరు, మూత రంగు వేరు. పొరపాటున డీజిల్‌లో పడితే తాళం చెవి కూడా తిప్పకుండా ట్యాంకు దించాలి.)

నీళ్ల దగ్గర మాత్రం నేను చాలా మొండిగా ఉంటాను. వాటర్ సెపరేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ వదులు చేసి, వచ్చేదాన్ని గాజు సీసాలో పట్టి కాసేపు పక్కన పెట్టండి. ఆరోగ్యంగా ఉంటే పైన బంగారు రంగు డీజిల్, కింద స్వచ్ఛమైన నీళ్లు, మధ్యలో కత్తితో కోసినట్టు గీత. ఆ గీత దగ్గర గోధుమరంగు నుంచి నలుపు దాకా నాచులాంటి తెట్టు వేలాడుతుంటే ట్యాంకులో ఫంగస్ కాపురం పెట్టిందని అర్థం. హార్మోకోనిస్ రెసినే అని దాని పేరు. నీళ్లలో ఉంటూ డీజిల్‌ని తిని బతుకుతుంది, అది వదిలే ఆమ్లాలు ట్యాంకుని తినేస్తాయి. బయోడీజిల్ కలిసిన డీజిల్ నీటిని ఎక్కువగా పట్టి ఉంచుతుంది కాబట్టి దీనికి మరీ అనువు. ఇక్కడ బయోసైడ్ (ఫంగస్‌ని చంపే మందు) వాడాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ చచ్చిన ఫంగస్ ఎక్కడికీ పోదు, పొరలు పొరలుగా ఊడి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. ముందు నీళ్లు తీయాలి, తర్వాత మందు వేయాలి, చేతిలో స్పేర్ ఫిల్టర్లు పెట్టుకోవాలి. నీళ్లు తీయకుండా వేసిన మందు వాయిదా మాత్రమే.

మూడో దృశ్యం కూడా కనిపిస్తుంటుంది: గీతే లేకుండా సీసా అంతా మజ్జిగలా తెల్లగా ఉండటం. ‘నీటిని మాయం చేస్తుంది’ అన్న మందు పోసిన బండ్లలో ఇది చూశాను. నీళ్లు మాయమవలేదు, సన్నటి బిందువులై డీజిల్‌లో కలిసిపోయాయి. సెపరేటర్ పనిచేసేదే నీళ్లు విడిగా ఉంటాయన్న భరోసా మీద. కలిపేస్తే అవి ఫిల్టర్ దాటి, 2000 బార్ ఒత్తిడి దగ్గరికి, బాగా కాగే నాజిల్ మొనకి చేరతాయి. ఆల్కహాల్ ఉన్న మందుల మీద నాకున్న అనుమానం కూడా ఇదే. నీళ్లకి కావలసింది విడదీసే మందు, కలిపే మందు కాదు. లేబుల్ మీద ‘డీమల్సిఫయర్’ అన్న మాట ఉందా లేదా చూడండి.

చలి సంగతి ఒక్క ముక్కలో: చలికాలపు మందు మైనం ఏర్పడకముందే, డీజిల్ ఇంకా తేటగా ఉన్నప్పుడే పోయాలి. ఫిల్టర్‌లో మైనం గడ్డకట్టాక పోస్తే అది చూస్తూ ఊరుకుంటుంది తప్ప చేసేదేమీ లేదు.

అమ్మకానికి వచ్చినవాళ్లని నేను ముందు సేఫ్టీ డేటా షీట్ (సీసాలో ఉన్న ప్రమాదకర పదార్థాల వివరాల కాగితం) అడుగుతాను. చాలా సీసాల్లో ఎక్కువ భాగం కిరోసిన్ లాంటి సాల్వెంటే అని అందులోనే కనిపిస్తుంది. అది తప్పేం కాదు, చిక్కటి మందు డీజిల్‌లో సులువుగా కలవాలంటే పలచన చేయాలి. కాకపోతే కొంటున్నదేమిటో తెలుస్తుంది. తర్వాత ఏ పరీక్షలో, ఎంత మోతాదుకి, ఏ ఫలితం వచ్చిందో అడుగుతాను. లూబ్రిసిటీ అంటే ఆ మచ్చ ఎన్ని మైక్రాన్లకి తగ్గిందో చెప్పాలి. డిటర్జెంట్ అంటే డీడబ్ల్యూ10 ఫలితం చూపించాలి. మైలేజీ అంటే జే1321 రిపోర్టు ముందు పెట్టాలి. ఫోన్‌లో సంతోషంగా ఉన్న లారీ ఓనర్ల వీడియోలు చూపించేవాళ్లకి టీ ఇచ్చి పంపిస్తాను.

ఇంత చెప్పాక కూడా మా వర్క్‌షాపులో ఒక తగువు తెగలేదు. మా పెద్ద మేస్త్రీ రోటరీ పంపు ఉన్న పాత బండ్లలో టూ-స్ట్రోక్ ఆయిల్ కాస్త పోయాల్సిందే అంటాడు. పోశాక పంపు చప్పుడు తగ్గిందని చూపిస్తాడు కూడా, నిజంగానే తగ్గుతుంది. నేననేది, డీజిల్ కాస్త చిక్కబడినా చప్పుడు తగ్గుతుంది, అంతమాత్రాన అరుగుదల తగ్గినట్టు కాదని. ఒకటి రెండు శాతం బయోడీజిల్ కలిసినా పంపుకి కావలసినంత జారుడు వస్తుంది. పైగా ఆ పాత పంపుల్లో ఎక్కువగా లీకయ్యేది గట్టిపడిపోయిన నైట్రైల్ (ఒక రకం రబ్బరు) ఓ-రింగుల దగ్గర. వాటిని వైటాన్ అనే మరో రకం రబ్బరు రింగులతో మార్చాలి గానీ ఏం పోసినా అతుక్కోవు. ఆయన రింగుల మాట ఒప్పుకున్నాడు, రింగులు మారుస్తున్నాడు. ఆయిల్ పోయడం మాత్రం మానలేదు. ‘అరుగుదల తగ్గలేదని నువ్వు చూశావా?’ అంటాడు. పాత పంపు ఒకటి ఓవర్‌హాల్‌కి విప్పినప్పుడు రెండు రకాల బండ్ల రోటర్లూ పక్కపక్కన పెట్టి చూద్దామని ఒప్పందం చేసుకున్నాం. అందాకా ఆయన బండ్లలో ఆయన పోస్తాడు, నా బండ్లలో నేను పోయనివ్వను.